తాతయ్య చేతుల గోరింటాకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నోరు మూసుకొని ఉండగలిగిన వాళ్లకే విలువ ఎక్కువ. ఆ లెక్కన నా విలువ ఎంతో మీరే ఊహించుకోండి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అవ్వ రోజుకొకసారైనా అనేది. బడి నుంచి రావడం, పుస్తకాల సంచి అరుగు మీద పడేయడం, ఆ రోజు బళ్లో జరిగిందంతా మొదటినుంచి చివరిదాకా చెప్పడం, ఇదీ నా సాయంత్రం. వినడానికి ఎవరూ దొరకకపోతే తులసికోటకైనా చెప్పేదాన్ని.

మా ఇల్లు తిరుపతిలో, పెద్ద గుడికి వెనకగా పోయే ఒక సన్నటి వీధిలో ఉండేది. పెరటి గోడకు ఆనుకొని చిన్న పెరుమాళ్ల కోవెల. కొండకు పోయే జనం దాని వైపు తల తిప్పి కూడా చూసేవాళ్లు కాదు. ఆ కోవెల వంటిల్లు, మేము మడపల్లి అనేది, మా తాతయ్య చేతిలో ఉండేది. ఆయన నాయన, వాళ్ల నాయన కూడా ఆ పొయ్యి దగ్గరే బతుకు గడిపినారు. మా పెరట్లోంచి ఒక కురచ గుమ్మం దాటితే మడపల్లి. తలవంచి దాటాల్సిన గుమ్మం అది.

స్వామికి ఆరగింపు అయ్యేదాకా వంట మీద మనిషి ఊపిరి తగలకూడదని మా ఇంటి పట్టుదల. తాతయ్య తలస్నానం చేసి, తడిపంచె కట్టుకొని, ముక్కూ నోరూ కప్పేటట్టు ఒక తెల్లగుడ్డ బిగించుకొని పొయ్యి ముట్టించేవాడు. అప్పటినుంచి కోవెల గంట మోగేదాకా మాటనేది లేదు. ఏం కావాలన్నా చేత్తో అడిగేవాడు. బొటనవేలితో తక్కిన వేళ్ల కొసలు రుద్దితే ఉప్పు. పిడికిలితో అరచేతిలో ఒక దెబ్బ వేస్తే బెల్లం. చెయ్యి వంచి వేళ్లు కిందికి జారిస్తే నెయ్యి. అరచెయ్యి కిందికి అదిమితే మంట తగ్గించమని. వేళ్లన్నీ దగ్గర చేర్చి, పైకి లేపి, ఒక్కసారిగా విప్పితే పొంగొచ్చిందని. ఈ సైగలు ఆయనకు వాళ్ల నాయన దగ్గర వచ్చినాయి, ఆయనకు వాళ్ల నాయన దగ్గర. మా వంశానికి ఆస్తి అని చెప్పుకోదగింది అదొక్కటే ఉండేది.

లోపల వండేది తాతయ్య ఒక్కడే అయినా, గడప దగ్గర అందించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. తలంటుకొని, తడిపావడతో గడప ఇవతల నిలబడి, ఆయన చెయ్యి ఎటు తిరిగితే అది అందించడం నా పని. దానికి జీతం కూడా ఉండేది. ఆరగింపు అయినాక చక్కెరపొంగలి గిన్నె అడుగున అంటుకున్న మాడుచెక్క, నెయ్యీ బెల్లమూ ముదిరి కరకరలాడేది, తాతయ్య అట్లకాడతో గీరి నా ఒక్కదానికే పెట్టేవాడు. ఇంట్లో ఇంకెవరికీ దాని మీద హక్కు లేదు. తాతయ్య నావాడు అనడానికి నాకున్న ఆధారం ఆ మాడుచెక్క.

అట్లాంటి కొలువు నేను ఎట్లా పోగొట్టుకున్నానంటే, మంచికి పోయి పోగొట్టుకున్నాను. ఒక పొద్దున తాతయ్య అటు తిరిగి కొబ్బరి తురుముతున్నాడు, ఇటు గిన్నె పొంగడానికి వచ్చింది. ఆయన వీపు నా వైపు ఉంది. వీపుకు సైగ ఎట్లా చేస్తారు? "తాతయ్యా, పొంగుతాంది" అని అరిచేసినాను. ఆయన తిరిగి చూసినాడు. గిన్నెను కాదు, నన్ను. తర్వాత గిన్నె దించి, అన్నమంతా పెరట్లో ఆవుకు పెట్టించి, మళ్లీ స్నానం చేసి, మళ్లీ పొయ్యి ముట్టించినాడు. స్వామికి ఆ పూట ఆలస్యమైంది, అర్చకస్వామి నాలుగు మాటలు అన్నాడు. మరుసటి రోజునుంచి గడప దగ్గర అవ్వ నిలబడింది. అవ్వకు మోకాళ్ల నొప్పులు. అందుకని అది కొన్నాళ్ల ముచ్చటేనని, నన్ను మళ్లీ పిలుస్తారని నేను ధీమాగా ఉన్నాను.

ఆ ఎండాకాలంలోనే మా మేనత్త సూళ్లూరుపేట నుంచి కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. నాకు ఆమె వరసకు వదిన, రెండేళ్లు పెద్దది. పుట్టినప్పటినుంచి చెవులు వినపడవు, అందువల్ల మాటా రాలేదు. అప్పట్లో మూగపిల్ల అనేవాళ్లు, ఆ మాట ఇప్పుడు నా నోటికి రాదు. తిరుపతిలో వినపడని పిల్లలకు బడి ఉందని, మా ఇంట్లో పెట్టుకొని చదివించమని అత్త అడిగింది. అడుగుతూ ఏడ్చింది. సూళ్లూరుపేటలో ఆ పిల్లతో మాట్లాడేవాళ్లు లేరంట. ఎవరికి ఏం చెప్పాలన్నా ఆమె ముందు నిలబడి గట్టిగా అరవడం, అరిచినా తెలియకపోతే విసుక్కోవడం. అత్త కూడా అంతే. మాటకు మాట అందక తల్లీ బిడ్డా ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు.

తాతయ్య అత్త మాటలన్నీ విన్నాడు. తర్వాత గోడకు ఒదిగి నిలబడిన వదిన వైపు తిరిగి, పిడికిలితో అరచేతిలో ఒక దెబ్బ వేసి, కనుబొమలు ఎగరేసినాడు. బెల్లం కావాలా అని. వదిన ఒక్క క్షణం ఆ చేతుల్ని చూసి తల ఊపింది. ఆయన లేచి పోయి బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టినాడు. ఆమె దాన్ని బుగ్గన పెట్టుకొని, మళ్లీ పిడికిలితో అరచేతిలో దెబ్బ వేసింది. ఇంకొకటి కావాలని. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మళ్లీ ఏడ్చింది. అందరికీ కళ్లు చెమర్చినాయి. నాకు మాత్రం కడుపులో చిన్నగా సెగ రాజుకుంది, ఎందుకంటే ఆ బెల్లం సైగ నాది.

వారం తిరక్కముందే గడప దగ్గర వదిన నిలబడింది. ఆమెకు నేర్పాల్సిన పనే లేకపోయింది. తాతయ్య వేలు కదిలేలోపల ఆమె చెయ్యి కదిలేది. అరిచే ప్రమాదం అసలే లేదు. అర్చకస్వామి ఆ పిల్ల లక్ష్మీకళ అన్నాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని అవ్వ నన్ను చూసి నవ్వింది. మా ఇంట్లో నోరు మూసుకొని ఉండగలిగిన వాళ్లకే విలువ అని మొదట్లోనే చెప్పినాను గదా. నోరున్నందుకు నేను బయట, లేనందుకు ఆమె గడప దగ్గర. మాడుచెక్క రెండు ముక్కలైంది. నా ముక్క చిన్నదని నాకు ఎప్పుడూ అనుమానమే.

అది మడపల్లితో ఆగి ఉంటే ఓర్చుకొనేదాన్నేమో. జూన్‌లో వదిన బళ్లో చేరింది. అక్కడ ఆమె వంటి పిల్లలు బోలెడుమంది, వాళ్ల చేతుల్లో ఒక పూర్తి భాష ఉండేది. రోజూ కొత్త మాటలు మోసుకొచ్చి తాతయ్యకు నేర్పేది. ఉప్పూ బెల్లమూ దాటి, నిన్నా రేపూ, ఎండా వానా, కోపమూ సిగ్గూ అన్నీ ఆయన చేతుల్లోకి వచ్చేసినాయి. నోటితో మాట్లాడినప్పుడు పొదుపరి ఆయన. నాలుగు మాటల్లో తేల్చేసే మనిషి. అట్లాంటి మనిషి సాయంత్రం అరుగు మీద కూర్చొని వదినకు చేతులతో చెప్తూనే ఉండేవాడు, చెప్తూనే ఉండేవాడు. ఆమె పగలబడి నవ్వేది. ఆమె నవ్వుకు చప్పుడు వేరేగా ఉండేది, గొంతులో ఎక్కడో మొదలై అక్కడే తిరిగేది. నవ్వుతూ నవ్వుతూ నా వైపు చూసేది. తాతయ్యా నా వైపు చూసేవాడు.

ఇంకేముంది, నన్ను గురించే అనుకున్నాను. నన్ను చూసి ఎగతాళి చేస్తున్నారని నిశ్చయం చేసుకున్నాను. ఇంట్లో నా ఎదురుగానే ఇద్దరు కూర్చొని, నాకు తెలియని మాటల్లో, నన్ను చూసి నవ్వుకుంటుంటే ఆ మంట ఎట్లా ఉంటుందో పడినవాళ్లకే తెలుస్తుంది. అన్నం దిగేది కాదు. పోనీ ఆ సైగలు నేర్చుకోవచ్చు గదా అంటే, పంతం. నా కొలువు లాక్కున్న మనిషి దగ్గర నేను చదువు చెప్పించుకోవాలా? వదినతో ఏదైనా పని పడితే అవ్వతో చెప్పించేదాన్ని. ఆమె ఎదురొస్తే మొహం తిప్పుకొనేదాన్ని. ఆమె పాపం నా పక్కన కూర్చోవడానికే చూసేది. నేను మాట్లాడేటప్పుడు నా నోటికేసి తదేకంగా చూసేది. అదొక కొత్త రకం వెక్కిరింపని నా లెక్క.

ఒక రోజు చెవుల్లో దూది కుక్కుకొని, నాకూ వినపడటం లేదని ఇంట్లో ప్రకటించినాను. నాతోనూ చేతులతోనే మాట్లాడాలని నా ఉద్దేశం. తాతయ్య అయ్యో అని ఎంతో బాధపడినట్టు తల ఆడించినాడు. అవ్వ మాత్రం నా వెనక నిలబడి, డబ్బాలో మురుకులు ఉండాయి, ఈ చెవిటిదానికి తినే యోగం లేదు గదా అని తనలో తాను అనుకున్నట్టు అనింది. నేను గిరుక్కున తిరిగినాను. ఇల్లంతా నవ్వినారు. వదిన తాతయ్య మోకాలు తట్టి అడిగింది, ఆయన చేతులు ఆడించినాడు, ఆమె కూడా నవ్వింది. అందరికంటే ఆలస్యంగా వచ్చిన ఆ నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ధనుర్మాసం వచ్చింది. ఆ నెలంతా తెల్లవారకముందే పొంగలి ఆరగింపు, వీధి వీధంతా మిరియాల వాసన. నెల చివర్లో కూడారై అని ఒక రోజు వస్తుంది. ఆ రోజు చక్కెరపొంగలిలో నెయ్యి పోయడానికి లెక్క ఉండదు, తినే చేతి మోచెయ్యి దాకా కారాలంటారు. గిన్నెలో నెయ్యి పోసే వేళకు గడప దగ్గర నిలబడి నేతి చెంబు అందించడమంటే మా ఇంట్లో పెద్ద గౌరవం. కిందటేడు అది నాది. ఈ ఏడు కూడా నాకే కావాలని తాతయ్య కాళ్లకు చుట్టుకొని అడిగినాను. నోరు తెరవనని ఒట్టు పెట్టినాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నువ్వా, అని నవ్వి ఊరుకున్నాడు. అంతే, నేను ఒంటికాలి మీద లేచినాను. నీకిప్పుడు నేనెందుకు, దానితోనే మాట్లాడుకో, దానికే పెట్టుకో, మీ ఇద్దరూ చేరి నన్ను చూసి నవ్వుకోండి అని ఏడుస్తూ ఏమేమో అనేసినాను. తాతయ్య నవ్వు ఆగిపోయింది.

మరుసటి సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో అవ్వ గోరింటాకు రుబ్బుతూ సణుగుతా ఉండింది. ఈ చలిలో గోరింటాకేంది, ఈ వయసులో పెళ్లికొడుకు ముచ్చటేంది అని. నెలరోజులుగా పొయ్యి సెగకు అరచేతులు మండుతున్నాయని, చలవ చేస్తుందని తాతయ్య పట్టుబట్టినాడంట. ఆమె రుబ్బడం కాగానే రెండు చేతుల్లోనూ ముద్దలు పెట్టించుకొని, పిడికిళ్లు బిగించి, పైన ఆముదపాకులు చుట్టి గుడ్డలు కట్టించుకున్నాడు. రెండు మూటలు ఒళ్లో పెట్టుకొని పెరటి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన పక్కన వదిన.

నాకు అర్థమైంది ఒక్కటే. ఈ పూట తాతయ్య చేతులు పనిచెయ్యవు. ఆయన వదినతో మాట్లాడలేడు. అంటే ఈ పూట ఆయన మొత్తంగా నావాడు. ఏడు నెలల తర్వాత చేతికి చిక్కినాడు. పైగా ఆ రోజు నా దగ్గర మామూలు కత లేదు, బంగారం లాంటి కత ఉంది.

మా బళ్లో గంటకు బదులు వేపచెట్టుకు ఒక రైలుపట్టా ముక్క వేలాడగట్టి ఉండేది. దాన్ని కొట్టే ఇనుపకడ్డీని ఆ రోజు ఒక కోతి ఎత్తుకుపోయింది. తిరుపతిలో కోతులకు కొదవ లేదు గదా. అది వంటషెడ్డు మీదికెక్కి, ఆ కడ్డీతో రేకు మీద టంగు టంగుమని బాదింది. ఆఖరి పీరియడు లెక్కలు, ఇంకా సగంలోనే ఉంది. గంట కొట్టినారనుకొని బడిలో ఉన్న పిల్లలంతా సంచులు తగిలించుకొని ఒక్క పరుగు. లెక్కల మాస్టారు బెత్తం పట్టుకొని మా వెనక, మాస్టారి వెనక హెడ్మాస్టారు. వీధి చివరిదాకా పోయినాక గాని ఎవరికీ సంగతి తెలియలేదు.

ఈ కతను నేను పూసగుచ్చినట్టు చెప్పినాను. తాతయ్య మూటలు రెండూ ఊగేటట్టు నవ్వినాడు. రుబ్బురోలు కడుగుతున్న అవ్వ లేచి వచ్చి నవ్వింది. వదిన నా నోరు చూసింది, తాతయ్య మొహం చూసింది, అవ్వ మొహం చూసింది. తాతయ్య మోచెయ్యి పట్టి లాగింది. ఆయన రెండు మూటలూ ఎత్తి చూపించి, పెదవి విరిచినాడు. ఆమె అవ్వ వైపు తిరిగింది. అవ్వకు కతలు చెప్పేటంత సైగలు రావు. నాకు ఎంత తృప్తిగా ఉండిందో చెప్పలేను. పుండు మీద చల్లటి నూనె రాసినట్టు ఉండింది.

అప్పుడు వదిన లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అరచెయ్యి వెల్లకిలా పట్టి, మణికట్టు తిప్పింది. ఏమిటి అని. ఆ సైగకు బళ్లో చదవాల్సిన పని లేదు, మన వీధుల్లో ఎవరైనా చేసేదే. నేను మొహం తిప్పుకున్నాను. ఆమె ఆ పక్కకు జరిగి మళ్లీ తిప్పింది. ఆ మొహంలో వెక్కిరింపు కోసం నేను వెతికినాను, దొరకలేదు. ఆకలిగా ఉన్న మనిషి వంటింటి గుమ్మంలో నిలబడితే ఉండేటట్టు ఉండింది ఆ మొహం.

తాతయ్య మెల్లగా అన్నాడు. "అమ్మణ్ణీ, రోజూ నేను దానికి చేతుల్తో చెప్పేది ఏమనుకున్నావు? నువ్వు చెప్పే కతలే. నువ్వు నోరు తెరిస్తే ఇంట్లో అందరూ నీ దిక్కు తిరుగుతారు. అది చూసి, ఏమంటాంది, ఏమంటాంది అని నా చెయ్యి గుంజుతాది. నాకు సొంతంగా చెప్పేదానికి ఏముండాది? బియ్యం, బెల్లం, నెయ్యి."

నేను నమ్మలేదు. ఆయన మూటలు చూసుకుంటూ ఇంకొక మాట అన్నాడు. "నీకు దాని మింద కుళ్లు. నీ నోరు చూసి దానికి నీ మింద కుళ్లు. మధ్యలో నా చేతులు నొప్పి పుడతాండాయి. ఈ పొద్దుకు నా వల్ల కాదు. కత నీది. చేతులు నీకూ ఉండాయి."

నా మీద ఒకరికి కుళ్లు ఉందన్న మాట ముందుగా నాకు సంతోషమే కలిగించింది. నిజం చెప్పాలి గదా. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఇన్ని నెలలుగా నేను చూసి మండిపోయిన ఆ నవ్వులన్నీ నా కతలకు వచ్చిన నవ్వులు. మా బడి, మా మాస్టార్లు, నా జట్టుపిల్లలు, వాళ్లంతా వదినకు తెలుసు. నా నోట్లోంచి పోయిన మాటలనే తాతయ్య చేతుల్లో చూసి, అవి నావని తెలియక నేను ఏడ్చినాను. సిగ్గుగా అనిపించింది, కోపంగానూ అనిపించింది, ఎవరి మీదో తెలియలేదు.

కానీ చెప్పడం ఎట్లా? పంతానికి పోయి ఏమీ నేర్చుకోలేదు. నా దగ్గర ఉన్నది మడపల్లి సైగలు మాత్రమే. సరే, వాటితోనే మొదలుపెట్టినాను. డొక్కలు గోక్కుంటే కోతి. గరిటె పట్టుకున్నట్టు పడితే ఇనుపకడ్డీ. రేకు మీద బాదినాను, వదిన తల అడ్డంగా ఊపింది. చప్పుడు ఆమెకెట్లా చెప్పేది? నేను ఒక క్షణం ఆలోచించి అరుగు మీద పుస్తకం పెట్టుకొని రాస్తున్నట్టు కూర్చున్నాను, మళ్లీ కోతినై బాదినాను, మళ్లీ పిల్లనై అదిరిపడి లేచి, సంచి తగిలించుకొని పెరట్లో ఒక చుట్టు పరిగెత్తినాను. ఆమె కళ్లు పెద్దవైనాయి. ఇక లెక్కల మాస్టారి కోపం. దానికి నాకు సైగ తెలియదు. వేళ్లన్నీ దగ్గర చేర్చి, పైకి లేపి, నెత్తి మీద విప్పినాను. మాస్టారు పొంగినాడు. హెడ్మాస్టారు ఇంకా పొంగినాడు, మూత ఎగిరిపోయేటట్టు పొంగినాడు.

వదిన పొట్ట పట్టుకొని నవ్వింది. గొంతులో తిరిగే అదే నవ్వు, ఈసారి నా చేతుల వల్ల వచ్చింది. తర్వాత నా వేళ్లు పట్టుకొని కోతి సైగ సరిచేసింది, కోపానికి అసలు సైగ చూపించింది. నేను నేర్చుకున్నాను గానీ మాస్టారికి పొంగొచ్చిన సైగే బాగుందని ఇద్దరమూ ఒప్పుకున్నాము.

ఆ తర్వాత వదిన తన వంతు తీసుకుంది. నాకు ఎదురుగా కూర్చొని ఉంది కాబట్టి ఆమె వీపు తాతయ్య వైపు ఉంది. వేలితో తన గుండె మీద తట్టి, తన బడి అని చూపింది. కోతి వచ్చింది. కడ్డీ పట్టింది. బాదింది. పిల్లలు తలవంచి రాసుకుంటూనే ఉన్నారు. కోతి ఇంకా బాదింది. ఎవరూ లేవలేదు. కోతికి చెయ్యి నొప్పి పుట్టింది, చెమట తుడుచుకుంది, ఇటూ అటూ చూసింది. చివరికి కడ్డీ కింద పెట్టి, వచ్చి బెంచీ మీద సర్దుకొని కూర్చొని, తనూ అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టింది.

నాకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తెలిసినాక ఆగలేకపోయినాను. అరుగు మీద పడి దొర్లినాను. ఈ పిల్లకు చెప్పేదానికి ఇంత ఉండిందా అని ఒక పక్క ఆశ్చర్యం. నా కతకంటే ఆమె కత బాగుందే అని ఇంకొక పక్క మళ్లీ అదే సెగ.

వదిన వెనక నుంచి తాతయ్య గొంతు వినపడింది. "ఏమనిందే అది?"

నేను ఆయన వైపు చూసినాను. రెండు మూటలు ఒళ్లో పెట్టుకొని, మెడ సాచి, ఒకసారి వదిన వీపూ ఒకసారి నా మొహమూ చూస్తున్నాడు. "ఏమనింది, చెప్పు," అని మళ్లీ అడిగినాడు. ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. అద్దంలో ఏడు నెలలుగా చూస్తున్నదే. నేను చెప్పలేదు. వదిన చెయ్యి పట్టుకొని లోపలికి పోయినాను.

మరుసటి రోజే కూడారై. పొద్దున తాతయ్య మమ్మల్ని ఇద్దరినీ గడప దగ్గర నిలబెట్టినాడు. ఆ గడప మీద ఇద్దరు నిలబడటం మా ఇంట్లో అదే మొదలు. నేతి చెంబు ఇద్దరం చెరొక పక్కన పట్టుకొని అందించినాము. నేను నోరు తెరవలేదు, తెరవాల్సిన అవసరమే రాలేదు. చెప్పాలనిపించిందల్లా వదినకు చేత్తో చెప్తున్నాను గదా. తాతయ్య నెయ్యి పోసి, గిన్నె దింపి, మా వైపు తిరిగినాడు. ముక్కూ నోరూ గుడ్డ కింద ఉన్నాయి, కళ్లు మాత్రమే కనపడుతున్నాయి. గోరింటాకు పండి ఎర్రగా ఉన్న అరచెయ్యి వెల్లకిలా పట్టి, మణికట్టు తిప్పినాడు. రాత్రంతా ఆ సంగతే ఆలోచించినట్టున్నాడు. వదిన నన్ను చూసింది. అప్పుడు నేను చేతులతోనే చెప్పినాను, కోతిని, కడ్డీని, బెంచీని. ఆయన గబగబా పొయ్యికి దూరంగా రెండడుగులు వేసి, గోడ వైపు తిరిగి నిలబడినాడు. భుజాలు ఊగుతానే ఉన్నాయి.

మాడుచెక్క ఆ రోజు కూడా రెండు ముక్కలే. వదిన ముక్క పెద్దదని నాకు అప్పుడూ అనుమానమే. కుళ్లు ఒక్క సాయంత్రంతో పోయిందని చెప్తే మీరు నమ్మరు. అది పోలేదు, చోటు మార్చుకుంది. ఆదివారాలు వదిన బడి నేస్తాలు వచ్చేవాళ్లు. వాళ్ల చేతులు గాలిలో మెరుపుల్లా ఆడేవి, నాకు సగం అందేది కాదు. వదిన వాళ్లతో నవ్వుతుంటే అదే మంట మళ్లీ. కాకపోతే ఇప్పుడు మొహం తిప్పుకోకుండా పోయి మధ్యలో కూర్చొని మణికట్టు తిప్పేదాన్ని. వాళ్లు ఓపికగా మళ్లీ చెప్పేవాళ్లు. ఈ రోజు నాకు వచ్చిన చేతిమాటలో సగం ప్రేమతో నేర్చుకున్నది, సగం కుళ్లుతో నేర్చుకున్నది. ఏది ఎక్కువ నిలిచిందో చెప్పలేను.

తాతయ్య పోయి చాలా కాలమైంది. వదిన పెళ్లి చేసుకొని మళ్లీ సూళ్లూరుపేటకే పోయింది, నేను చిత్తూరుకు వచ్చినాను. ఫోనులో మనిషి కనపడే కాలం వచ్చినాక మాకు దూరమనేది లేకుండా పోయింది. వారానికొకసారైనా ఫోను గోడకు ఆనించి పెట్టుకొని, ఇద్దరు ముసలమ్మలం గంటసేపు చేతులాడించుకుంటాము. మా మనవరాలు, కూతురి కూతురు, తొమ్మిదేళ్లది, గుమ్మంలో నిలబడి చూస్తుంది. దాని నోట్లో కూడా నువ్వుగింజ నానదు. మేము నవ్వినప్పుడల్లా దాని మూతి ముడుచుకుపోతుంది. మొన్న అడిగేసింది, నన్ను గురించేనా మీరు నవ్వుకునేది అని. నీ గురించేనే, నువ్వు చెప్పే కతలే అన్నాను. నమ్మలేదు. నేనూ నమ్మలేదు గదా.

నిన్న వదిన ఫోను చేసే వేళకు మా దొడ్లో గోరింటాకు కోసి, రుబ్బి, మా పిల్ల చేతనే రెండు అరచేతుల్లో ముద్దలు పెట్టించుకొని, పిడికిళ్లకు గుడ్డలు చుట్టించుకొని కూర్చున్నాను. ఫోను మోగింది. పిల్ల నా చేతులు చూసింది, ఫోను చూసింది, ఇంకెవరూ లేకపోయేసరికి తనే తీసుకుంది. అటు వదిన నా కోసం వెతికి, నా మూటలు చూసి, సంగతి పట్టేసి నవ్వింది. తర్వాత పిల్లకేసి అరచెయ్యి వెల్లకిలా పట్టి, మణికట్టు తిప్పింది. పిల్ల కాసేపు బిక్కమొహం వేసింది. ఫోను గోడకు ఆనించి, తన బళ్లో జరిగిందేదో చేతులతో మొదలుపెట్టింది. డొక్కలు గోక్కోలేదు గాని ఏదో జంతువే అయి ఉండాలి, మోకాళ్ల మీద గదంతా తిరిగింది.

కాసేపటికి ఫోను తీసుకొని కిటికీ దగ్గరికి పోయింది. నాకు దాని వీపు మాత్రమే కనపడుతోంది. ఫోనులోంచి ఆ గొంతులో తిరిగే నవ్వు వినపడింది, దాని వెనకే మా పిల్ల నవ్వు. యాభై ఏళ్లు దాటినా ఆ సెగ ఉన్నచోటే ఉంది, పొయ్యిలో బూడిద కింద నిప్పులాగా. చేతులు కదలవు. మెడ సాచి, ఏమంటాందే, అని అడిగినాను.

పిల్ల వెనక్కి తిరిగి నన్నొకసారి చూసింది. చెప్పలేదు.